నిషానీ

నిషానీ అనే మాట నాకు రెండుసార్లు పరిచయమైంది. ఉర్దూ బడిలో చదువుకున్నప్పుడు నిషానీ అంటే యాద్‌గార్. దూరం వెళ్లేవాళ్లు ఇచ్చిపోయే రుమాలు, ఉంగరం, ఖత్. తర్వాత తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాక, భూమి కాగితాలూ వాంగ్మూలాలూ చదవాల్సి వచ్చినప్పుడు అదే మాట "నిశాని" అయి ఎదురైంది. సంతకం రాని మనిషి వేసే వేలిముద్ర. ఒకచోట ముహబ్బత్, ఇంకోచోట అన్‌పఢ్.

ఈమధ్య కనిగిరిలో మా ఇంట్లో ఈ రెండు నిషానీలూ ఒకే కాగితం మీద పడ్డాయి.

మా భాంజీ భర్త కువైట్‌లో పనిచేస్తాడు. మున్నా పుట్టేనాటికి అతను వెళ్లి ఆరు నెలలు. కొడుకు ఏడుపు ఫోన్‌లో విన్నాడు, అఖీఖా ఫోన్‌లో చూశాడు. ఏడో రోజు తల నీలాలు తీసి, వాటి ఎత్తు వెండి ఖరీదు సదఖా ఇస్తుంటే అక్కడినుంచే ఆమీన్ అన్నాడు. తాకింది మాత్రం లేదు. మున్నాకు నాలుగో నెల నడుస్తుండగా "వాడి చెయ్యీ పాదం అచ్చు తీసి పంపించు" అని అడిగాడట. రోజూ ఇరవై ఫొటోలు వెళ్తున్నాయి కదా, ఇదెందుకు అన్నాను. భాంజీ ఒకటే మాట చెప్పింది: "ఫొటోలో సైజు తెలీదు మామూ. అచ్చయితే మీద చెయ్యి పెట్టి చూసుకుంటారంట."

ఇంక మాట్లాడలేదు నేను.

వీడియోల్లో చూస్తే ఇది రెండు నిమిషాల పని. పాప నవ్వుతుంది, అరచెయ్యి పువ్వులా విప్పుతుంది, రంగులో ముంచి తెల్ల కాగితం మీద అద్దుతారు. మా మున్నా అరచేతికి ఏది తగిలినా ఠక్కున పిడికిలి బిగించేస్తాడు. అది మొండితనం కాదు, అల్లాహ్ పెట్టిన ఫిత్రత్. పసిపిల్లల అరచేతిని తాకితే వేళ్లు వాటంతటవే మూసుకుంటాయి. ఐదారు నెలలకు ఆ గుణం పోతుంది. పాదాల వేళ్లు ముడుచుకోవడం ఇంకొన్నాళ్లు ఉంటుంది. అంటే అచ్చు తీయడానికి మనం తాకడమే అచ్చు పడకపోవడానికి కారణం. ఇది తెలియక ఎంతమంది తల్లులు తమ చేతకానితనం అనుకుంటారో!

మొదటిరోజు ఉప్పు పిండి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పు నీళ్లు. పిసుకుతుంటేనే మా అమ్మీ వంటింట్లోంచి, "రిజ్ఖ్ సే ఖేల్తే క్యా?" అంది. తిండితో ఆటలేంటి అని. భాంజీ ముఖం చిన్నబోయింది గానీ ఆపలేదు. మున్నా ఆ ముద్దను గుప్పెట్లో పట్టి నేరుగా నోటికి తీసుకెళ్లాడు. అంత ఉప్పు పసివాళ్ల కిడ్నీలు తట్టుకోవు. చెయ్యి పట్టుకుని వేలు వేలూ విప్పి తుడిచేసరికి వాడూ ఏడుపు, తల్లీ ఏడుపు. ఎలాగో పాదం ఒకటి పడింది. కనిగిరి ఎండ సంగతి తెలుసు కదా, మిద్దె మీద పెడితే సాయంత్రానికి మడమ దగ్గర నిలువునా చీలింది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెద్దామా అన్నాడు మా తమ్ముడు. నేను వద్దన్నాను. అది గట్టిపడేటప్పుడు కాలుతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఒక బడిలో పదహారేళ్ల అమ్మాయి దాంట్లో చేతులు పెట్టి చాలా వేళ్లు పోగొట్టుకుంది. మెహందీ కూడా మనవాళ్లకు తేలికగా తోచే ఉపాయమే. కానీ జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు అసలైన గోరింటాకు కూడా రక్తకణాలను దెబ్బతీయగలదు, ఆ లోపం ఉన్నట్టు ముందుగా తెలియదు. ఈద్ రోజు పసివాళ్ల చేతులు ఎర్రగా చూడాలని ఉబలాటపడే ఖాలాలకు ఈ మాట చెప్పండి.

ఉపాయం చెప్పింది అమ్మీయే. ఆమెకు నూనె సంగతి తెలుసు. మా చిన్నప్పుడు గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లేది. పొద్దంతా కాయలు కోసిన చేతులతో మమ్మల్ని తాకేది కాదు. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు. ముందు నూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడగాలి. అయినా చెల్లెల్ని ఎత్తుకునే ముందు మోచేత్తో దాని బుగ్గ తాకి చూసేది. "నూనె అన్నీ పట్టుకుంటుంది, కారాన్ని కూడా" అనేది.

మున్నా పాలు తాగి నిద్రపోయాక పిడికిలి దానంతటదే విడింది. అరచేతికి కాస్త కొబ్బరినూనె రాసి, కాగితమే చేతి కిందికి తెచ్చి మెల్లగా అద్దాం. పైన పసుపు చల్లి దులిపితే అచ్చు నిలిచింది. పోలీసులు పొడి చల్లి వేలిముద్రలు తీసే పద్ధతి కూడా దాదాపు ఇదే. బొటనవేలు సగమే పడింది, చిటికెన వేలు అలికినట్టయింది. ఏడో కాగితం అది.

"నానీ, నువ్వూ పెట్టు పక్కన" అంది భాంజీ. అమ్మీ నూనె గిన్నె దగ్గరికి వచ్చి బొటనవేలు చాపింది. ఎడమచేతి బొటనవేలు. డెబ్బై ఏళ్లలో ఎవరు కాగితం ముందుపెట్టినా ఆమె ఇచ్చింది అదే.

"కాదమ్మీ, చెయ్యంతా" అన్నాను.

1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టు కాగితం వెనక రాజ్యధర్ కోనాయ్ చేత అరచెయ్యంతా అద్దించాడట, మాట తప్పకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు ఆ ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్క కట్టడంలో పెద్ద చెయ్యి మన ఖాజీ అజీజుల్ హఖ్‌ది. ఇంత తారీఖ్ ఉన్న వేలిముద్ర అమ్మీ దగ్గరికొచ్చేసరికి పనిచేయదు. వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ మెషీన్ మీద నాలుగుసార్లు నొక్కి, తుడిచి, మళ్లీ నొక్కి, "గలత్ ఆరీ కతే" అని వెనక్కి వచ్చిన రోజులున్నాయి. మున్నాకు ఇంకా ఆ బాధ లేదు. ఐదేళ్లలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు.

అమ్మీ చెయ్యి మొత్తం పెట్టింది. వేలి కొసలు మచ్చల్లా పడ్డాయి గానీ అరచేతి గీతలు లోతుగా, స్పష్టంగా వచ్చాయి. పక్కన నా చేతిరాతతో తారీఖు వేయమంది భాంజీ. ఉర్దూలో వేయనా తెలుగులో వేయనా అంటే, రెండింట్లో వేయమంది.

కువైట్ వెళ్తున్న పక్కవీధి అబ్బాయి సూట్‌కేసులో, రెండు అట్టల మధ్య పెట్టి, ఆవకాయ డబ్బాకు దూరంగా పంపాం. వారం తర్వాత ఫోనొచ్చింది. మున్నా చెయ్యి తన అరచేతిలో మధ్యవేలు మొదలు దాకా కూడా రాలేదన్నాడు. కాసేపు ఊరుకుని, "ఆ పెద్ద చెయ్యి నానీదా?" అని అడిగాడు. అవునన్నాం. తర్వాత, "ఈపాటికి వాడిది ఇంకా పెరిగుంటుంది కదా, ఇంకోటి తీయండి" అన్నాడు.

మున్నా ఇప్పుడు పాకుతున్నాడు. కాగితం కనిపిస్తే చాలు, చింపి నోట్లో పెట్టుకుంటున్నాడు.