తరగతికి వెళ్ళలేని పిల్లల గది

అక్కా,

జపాన్ నుంచి ఉత్తరమంటే గుళ్ళ గురించో, బుల్లెట్ రైలు గురించో ఎదురుచూస్తుంటావు. అవి తర్వాత రాస్తాను. ఇన్నేళ్ళు బడిపిల్లల మధ్య గడిపినదానివి, నీకు ముందుగా ఇక్కడి బళ్ళలో ఉండే ఒక గది సంగతి చెప్పాలి.

దాన్ని 'హొకెన్‌షిత్సు', అంటే ఆరోగ్య గది, అంటారు. రెండు మంచాలు, ఒక తెర, బరువు చూసే యంత్రం, కళ్ళ పరీక్ష అట్ట. అక్కడ కూర్చునే ఆవిడ టీచరే, కానీ పాఠం చెప్పే తరగతంటూ లేదు, మార్కులు వెయ్యదు. పిల్లల ఒళ్ళూ మనసూ ఎలా ఉన్నాయో చూసుకోవడమే ఆవిడ ఉద్యోగం. 1905లో గిఫు ప్రాంతంలో పిల్లల కళ్ళకు ట్రకోమా పట్టుకుంటే, కళ్ళు కడిగి మందు వెయ్యడానికి బళ్ళలో నర్సుల్ని పెట్టారు. 1941 నాటికి దేశమంతటా ఆ ఉద్యోగం ఉపాధ్యాయుల వరసలోకి చేరింది.

మోకాలు దోక్కుపోయినవాడు ఎక్కడైనా వస్తాడు. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే పిల్లలు. తరగతి గుమ్మం దాటాలంటేనే కాళ్ళు ఆడనివాళ్ళు ఇక్కడ పొద్దున్నే నేరుగా ఈ గదికే వచ్చేస్తారు. అక్కడే చదువుకుంటారు, అక్కడే తింటారు. బడికి వచ్చినట్టే హాజరు పడుతుంది! ఇంకో పిల్ల కడుపునొప్పంటూ వస్తే, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు అని అడుగుతారు. మాటిమాటికీ వచ్చే ఆ నొప్పి వెనక ఇంట్లో గొడవో, తోటివాళ్ళ వేధింపో ఉండొచ్చని ఈ టీచర్లకు తెలుసు. మన దగ్గర అలాంటి పిల్లని 'దొంగ ఏడుపు' అని ఎన్నిసార్లు వెనక్కి పంపేశారో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కింది.

ఇంకో వింత. చట్టప్రకారం ప్రతి బడికీ ఒక డాక్టరు, ఒక పళ్ళ డాక్టరుతో పాటు ఒక ఫార్మసిస్టు కూడా ఉంటారు. ఆయన వచ్చి తరగతి గదిలో వెలుతురు చాలుతోందా, గాలి ఆడుతోందా అని కొలిచి చూస్తాడు. తాగే నీళ్ళు, ఈతకొలను నీళ్ళు పరీక్షిస్తాడు.

బడిలో పెట్టే భోజనం సంగతి కూడా క్లుప్తంగా చెప్తాను. 1889లో త్సురువోకా ఊళ్ళో ఒక గుడి ఆవరణలోని బడిలో పేదపిల్లలకు అన్నం ముద్దలు, కాల్చిన చేప పెట్టడంతో మొదలైందంటారు. ఇప్పుడు తెల్ల ఏప్రన్లు కట్టుకుని పిల్లలే వడ్డిస్తారు. వాళ్ళకంటే ముందు హెడ్మాస్టరు తిని చూడాలి. 1996లో సకాయ్ నగరంలో బడి భోజనం తిన్న వేలమంది పిల్లలు జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. అప్పట్నుంచి కట్టుదిట్టాలు పెరిగాయి: వండిన ప్రతి పదార్థంలోంచీ కొంచెం తీసి మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు దాస్తారు.

అన్నీ బావున్నాయని అనను. ప్రాథమిక పాఠశాలలో 851 మంది పిల్లలుంటే గానీ రెండో ఆరోగ్య టీచరుకు లెక్క కుదరదు. ఎనిమిది వందల మంది కడుపునొప్పులూ దిగుళ్ళూ ఒక్క మనిషి వినాలంటే ఎలా? అంతమంది పిల్లలున్న బడికి కనీసం ముగ్గురుండాలని నా లెక్క. నీ లెక్కెంతో రాయి.

నీ తమ్ముడు