చీల్ వీపు

సంక్రాంతి అయిన వారానికి, ఇతవార్ రోజు మా వాణ్ణి తీసుకుని గోల్కొండ ఖిలాకి పోయాను. ఫతే దర్వాజా దగ్గర అందరిలాగే చప్పట్లు కొట్టి పైకెక్కాం. బాలా హిస్సార్ మీద బారాదరి అంచున నిలబడితే చీల్‌లు మన కాళ్ల కిందుగా తిరుగుతుంటాయి. మొహల్లాలో ఎప్పుడూ వాటి పొట్టే చూసినవాణ్ణి, వీపు చూసేది ఇక్కడే. మట్టిరంగు, ఎండ పడితే రాగి ఛాయ.

"రెక్కలు ఆడించట్లేదేంటి అబ్బూ?"

ఎండకి కాగిన బండల మీంచి వేడిగాలి లేస్తుంది బేటా, దాని మీద తేలుతూ చుట్లు తిరుగుతూ పైకి పోతుంది అన్నాను. తోక అటూ ఇటూ మెలితిప్పి మలుపు తీసుకోవడం చూపించాను. వాడు ఈగిల్ అన్నాడు. తోక చివర మధ్యలో నొక్కుంది చూడు, చీల్ అన్నాను. తెలుగులో గద్ద. ఇంగ్లిష్‌లో దీనికీ పతంగ్‌కీ ఒకటే పేరు, కైట్. వాడికి నవ్వొచ్చింది.

చిన్నప్పుడు నాకు బుఖార్ వస్తే అమ్మీ ఒక బోటీ నా తల చుట్టూ తిప్పి ఛత్ మీంచి పైకి విసిరేది. సద్ఖా. కింద పడకముందే చీల్ తన్నుకుపోయేది. "గరీబులకివ్వాలి గానీ చీల్‌కేంటి?" అని అబ్బాజాన్ గొణిగేవారు. అమ్మీ రెండూ చేసేది.

అంతలో ఒకటి మిగతావాటికంటే కిందుగా, ఒక పక్కకి ఒరిగి తిరగడం కనబడింది. ఎడమ రెక్క నుంచి దారం వేలాడుతోంది. నైలాన్ మాంజా. నూలు దారం ఎక్కడో ఒకచోట తెగిపోతుంది, ఇది తెగదు. 2017లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దీన్ని దేశమంతా నిషేధించింది. ఆ నిషేధం మీద ఎన్ని ఖబర్లు రాశానో. మొన్న పండక్కి మా వాడు ఏడు పతంగ్‌లు కోసింది ఈ దారంతోనే. చర్ఖీకి పైసలిచ్చింది నేనే. ఏం దారం కొన్నావని అడగనైనా లేదు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఇంట్లో ఇంకా సగం చర్ఖీ ఉంది అబ్బూ" అన్నాడు.

దిగేటప్పుడు రెండు మూడు సార్లు ఆగి చూశాం. ఆ చీల్ మళ్లీ కనబడలేదు.

ఇంటికొచ్చి ఇద్దరం కైంచీ పట్టుకుని కూచున్నాం. మగ్రిబ్ అజాన్ దాకా పట్టింది. "హాథ్ కట్ జాయింగే, సంభాల్‌కే" అంటోంది పలంగ్ మీంచి అమ్మీ.