ఒంటిచేతి దరువు
ఇంగ్లండులోని షెఫీల్డ్‌ అంటే ఉక్కుకీ కత్తులకీ చెంచాలకీ పేరు. 1970ల చివర్లో అక్కడి పాత చెంచాల కార్ఖానాలో గది అద్దెకు తీసుకుని సాధన మొదలెట్టిన కుర్రాళ్ల బృందమే ‘డెఫ్‌ లెపర్డ్‌’. ఊరు దాటితే బీడు కొండలు, వాటిమీదుగా మెలికలు తిరిగే ఏ57 రోడ్డు. 1984 డిసెంబరు 31న ఆ దారిలోనే డ్రమ్మర్‌ రిక్‌ అలెన్‌ కారు అదుపుతప్పింది. ఎడమచెయ్యి పోయింది. వయసు 21! కొత్త ఆల్బమ్‌ పని మొదలై ఏడాదైనా కాలేదు.

మిత్రులు మరో డ్రమ్మర్‌ని వెతకలేదు. అసలు గొప్పతనం అక్కడే ఉంది. చేతి పనిని ఎడమకాలికి అప్పగించి, పెడల్స్‌తో మోగే ఎలక్ట్రానిక్‌ డ్రమ్స్‌ చేయించుకున్నాడు అలెన్‌. 1986 ఆగస్టులో డోనింగ్టన్‌ వేదికమీద వేలమంది ముందు వాయించాడు. మరుసటి ఆగస్టులో ఆల్బమ్‌ వచ్చింది. దానికి ‘హిస్టీరియా’ అన్న పేరు సూచించిందీ అతనే.