మెడ అనుమతితో ముక్తినాథ్‌కు

ఒక్కణ్ణే మోటారు సైకిలు మీద నేపాల్ వెళ్ళాలనుకుంటున్నానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరి చూపులూ నా ముఖం మీద కాక మెడ మీద పడ్డాయి. రెండేళ్ళుగా నా మెడ ఈ కాలేజీలో అంత ప్రసిద్ధం మరి. పిలిస్తే తల తిప్పకుండా మనిషి మనిషంతా తిరిగే ఫిజిక్సు లెక్చరరు ఎవరంటే మొదటి సంవత్సరం కుర్రాడు కూడా చెబుతాడు.

ఈ నొప్పి బండి వల్ల వచ్చిందని లోకం నమ్మకం. విద్యార్థి మిత్రులు మన్నించాలి, ఇది మీ సమాధాన పత్రాలు పెట్టిన భిక్ష. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపూ మెడలోని ఏడు పూసలూ కిమ్మనకుండా మోస్తాయి. 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద భారం 27 కిలోల దాకా పోతుందని 2014లో అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. వాల్యుయేషన్ హాల్లో మా తలలు ఏ కోణంలో వేలాడుతుంటాయో చూసినవాళ్ళకి వేరే రుజువు అక్కర్లేదు.

ఎడమ చేతి బొటనవేలు తిమ్మిరెక్కడం మొదలయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అయిదు, ఆరు పూసల మధ్య డిస్క్ కాస్త ఉబ్బి నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆరు నెలలు వ్యాయామం చేయించారు. అరచేతిని నుదుటికి ఆనించి నెట్టాలి, తల మాత్రం కదలకూడదు. చూసేవాళ్ళకి అప్పులవాడు ఆలోచిస్తున్నట్టుంటుంది గానీ, తిమ్మిరి మాత్రం తగ్గింది. అప్పుడు నెమ్మదిగా నేపాల్ మాట ఎత్తాను.

"వెళ్ళొద్దనను మాస్టారూ," అన్నారాయన. "చేతిలో పట్టు తగ్గినా, వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలినా బండి అక్కడే వదిలేసి వచ్చెయ్యాలి. అక్కడే అంటే అక్కడే. ఇంకో ఊరి దాకా నడపడం కాదు."

మెడకి కాలర్ పెట్టుకుని నడపొచ్చా అని అడిగాను. "పక్కనుంచి వచ్చే లారీని ఎలా చూస్తారు మరి?" అన్నారు. కండరాలు సడలడానికిచ్చే మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి అవి రాత్రి పడకకే తప్ప బండెక్కే ముందు పనికిరావు. అంటే దారిలో మందు కన్నా విశ్రాంతే ఎక్కువ మోసుకెళ్ళాలన్నమాట.

నేపాలే ఎందుకని అడుగుతారు. పటం తెరిచి విశాఖ మీద స్కేలు పెట్టి నిలువుగా గీత గీయండి, ఇంచుమించు గోరఖ్‌పూర్ మీదుగా పోతుంది. ఇంకొంచెం పైకి వెళ్ళి కాస్త కుడికి జరిగితే ముక్తినాథ్. పైగా మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. బండికి మాత్రం సరిహద్దులో ఎన్నాళ్ళుంటామో చెప్పి రుసుం కట్టి కాగితం తీసుకోవాలి, దాన్ని భన్సార్ అంటారు. గోరఖ్‌పూర్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైమాటే కనుక అంతవరకూ నేనూ బండీ రైల్లోనే పోతాం. దీన్ని మోసం అన్నాడొక మిత్రుడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో బయలుదేరలేదూ? ఆయన్నెవరూ మోసగాడనలేదే!

సునౌలీ దగ్గర సరిహద్దు దాటితే పోఖరాకి 180 కిలోమీటర్లు. కుర్రాళ్ళు ఒక్కరోజులో కొట్టేస్తారు. నేను మధ్యలో తాన్‌సేన్‌లో పడుకుంటాను. అసలు నా పటంలో కిలోమీటర్లు లేవు, గంటలున్నాయి. ప్రతి 50 నిమిషాలకీ దిగాలి, హెల్మెట్ తియ్యాలి, పది నిమిషాలు భుజాలు తిప్పాలి. రోజుకి అయిదు గంటలకి మించి సీటు మీద ఉండకూడదు.

పోఖరా నుంచి పైకి 170 కిలోమీటర్ల చిల్లర, దానికి మూడు రోజులు రాసుకున్నాను. మొదటి మజిలీ తాతోపానీ. పేరుకి అర్థమే వేడినీళ్ళు. కాళీ గండకీ ఒడ్డున ఉష్ణకుండాలున్నాయి. నా మెడ కోసమే పుట్టిన ఊరు! ఆ పైన ధవళగిరికీ అన్నపూర్ణకీ నడుమ నది కోసుకున్న లోయ. అక్కడ పొద్దెక్కేకొద్దీ దక్షిణం నుంచి ఎగువకి ఈడ్చికొట్టే గాలి లేస్తుంది. జోమ్‌సోమ్‌కి విమానాలు పొద్దున్నే తిరగడానికి కారణం అదే. ఎక్కేటప్పుడు ఆ గాలి వీపున ఉంటుంది, ఫరవాలేదు. దిగేటప్పుడు ఎదురు. ఎదురుగాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుందని నేను క్లాసులో చెప్పేదే: 60లో పోయేవాడు 80కి పెంచితే దాదాపు 1.8 రెట్లు. అదంతా హెల్మెట్ మీద పడితే మోసేది మెడే. కనుక తిరుగు ప్రయాణంలో తెల్లవారుతూనే జోమ్‌సోమ్ వదలాలి. ఒకరోజు ఆలస్యమైనా సరే, మధ్యాహ్నం మాత్రం ఆ లోయలో దిగను.

ఇంకో చిక్కుంది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన. అంత ఎత్తులో తలనొప్పి వస్తే అది మెడ వల్లనా, ఎత్తు వల్లనా? పక్కన చెప్పేవాడుండడు. ఎత్తు వల్లనే అనుకుని వెంటనే కిందికి దిగమన్నారు డాక్టరుగారు. గుడి 108 ధారలు కళ్ళెదుట కనబడుతున్నా సరే. ఈ ఒక్క షరతు దగ్గరే నాకు మనసొప్పలేదు. అయినా కాగితం మీద రాసి మా ఆవిడ చేతికిచ్చాను, నాకన్నా గట్టిగా గుర్తుంచుకుంటుందని.

మొన్న జనవరిలో అరకు దాకా పరీక్ష పెట్టుకున్నాను. దానికి ముందు హెల్మెట్‌ని కిరాణా కొట్టు తక్కెడలో తూయిస్తే 1 కిలో 600 గ్రాములు. 300 గ్రాములు తేలికైనది కొన్నాను. వీపు సంచి మానేసి సామానంతా బండికి కట్టాను. హ్యాండిల్ రెండంగుళాలు పైకి లేపిస్తే, "గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా ఉన్నారు సార్," అన్నాడు మెకానిక్కు. అనంతగిరి ఘాట్ మలుపులన్నీ ఎక్కాక బొటనవేలు గిల్లి చూసుకున్నాను. నొప్పి తెలిసింది. అంత సంతోషం పరీక్ష ఫస్టుక్లాసులో పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఒంటరివాడికి అసలు భయం బండి పడిపోవడం. రెండు వందల కిలోల బరువు. వీపు దానికి ఆనించి కాళ్ళతో లేపే పద్ధతి ఒకటుంది, నేర్చుకున్నాను. కానీ నేను లేపను. ఎవరో ఒకరు వచ్చేదాకా పక్కన కూర్చుంటాను. నేపాలీలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం, కాస్త సాయం చెయ్యండి అని.

మా అమ్మకి పుణ్యక్షేత్రమని మాత్రమే చెప్పాం. "అయితే నేనూ వస్తాన్రా, వెనకాల కూర్చుంటాను," అంది. ఆవిడకి 78.

దసరా సెలవుల్లో ప్రయాణం. వానలు వెనకబట్టి కొండచరియలు విరగడం తగ్గే రోజులవి. ఈలోగా మీ పేపర్లు మూడు వందలు దిద్దాలి. డాక్టరుగారు బండి కన్నా వాటికే ఎక్కువ భయపడుతున్నారు. ఏటవాలు బల్ల ఒకటి చేయించుకున్నాను, రోజుకి పాతికకి మించి ముట్టుకోను. మార్కులు ఆలస్యమైతే కారణం ఇదని గ్రహించగలరు.