కమిటీలో కుర్చీ ఎవరికి?

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది మన ఇళ్ళే. విజయనగరం కాలంలో కొందరు, మధుర నాయకుల కాలంలో కొందరు వచ్చాం, నల్లరేగడిలో పత్తి పండించాం, బావులు తవ్వాం, తర్వాత మిల్లులు పెట్టాం అని చెప్పుకుంటాం. ఈ పుటల్లో ఇంతవరకు వచ్చినవి చూడండి. తాతగారి మోటబావి, పెళ్ళిపాటలు, అవ్వ చేసే కజ్జికాయలు, చిన్నాయన రాసిన వంశవృక్షం. అన్నీ బాగున్నాయి, నేనూ ఇష్టంగా చదివాను.

కానీ అవే ఊళ్ళలో, మన వీధికి కాస్త దూరంలో, తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే ఇంకో జనం ఉన్నారు. అరుంధతీయులు. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, నామక్కల్, దిండుక్కల్ జిల్లాల్లో వాళ్ళు చాలామంది. మన మోటబావికి తోలుతిత్తి కుట్టింది వాళ్ళు. మన పత్తిచేలల్లో కూలికి వచ్చింది వాళ్ళు. ఇవాళ ఊళ్ళని ఊడ్చి శుభ్రంచేసే పనిలో ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళమీద మన దగ్గర ఒక్క పుట కూడా లేదు. నాకు వాళ్ళతో పరిచయం పొలంలో కాదు, బడిలో అయింది. అందుకని బడి సంగతే రాస్తాను.

నేను 1988 నుంచి 2019 దాకా ప్రభుత్వ బడుల్లో పనిచేశాను. చివరి ఆరేళ్ళు ఒక పంచాయతీ యూనియన్ మిడిల్ స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌ని. ఊరి పేరు ఎందుకులెండి, కొంగునాట్లో ఏ ఊరైనా ఒకటే. అక్కడ పిల్లకాయల్లో సగానికి పైగా అరుంధతీయ కాలనీనుంచి వచ్చేవాళ్ళు. ఊళ్ళో ఉన్న నాయుళ్ళ పిల్లలు, గౌండర్ల పిల్లలు పొద్దున్నే టై కట్టుకుని మెట్రిక్యులేషన్ స్కూలు వ్యాను ఎక్కేవాళ్ళు. అయినా ప్రభుత్వ బడిలో ఏం జరగాలి అన్నది చెప్పేది మాత్రం ఆ వ్యాను ఎక్కే పిల్లల నాయనలే. జెండా పండగకి ముందు వరస కుర్చీలు వాళ్ళవి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. గోడకి సున్నం కొట్టించారు, ఫ్యాన్లు ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ మాట చెల్లాలి అన్నది అక్కడి రివాజు, అంతే.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో 21వ సెక్షన్ చాలామంది చదివి ఉండరు. ప్రతి ప్రభుత్వ బడికీ ఒక మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. దాంట్లో నాలుగింట మూడొంతులు ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వెనకబడినవాళ్ళ పిల్లలు ఎంతమంది ఉంటే ఆ లెక్కన వాళ్ళ తల్లిదండ్రులకి చోటు ఉండాలి. బడి అభివృద్ధికి ప్లాను తయారుచేసేది ఆ కమిటీ. గ్రాంటు డబ్బు ఎట్లా ఖర్చయిందో చూసేదీ ఆ కమిటీయే. ఫ్యాను ఇచ్చినవాళ్ళకి దాంట్లో విడిగా చోటు లేదు.

రిజిస్టరులో ఇదంతా సరిగ్గా ఉంటుంది. 2013లో నేను ఆ బడికి బదిలీ మీద వెళ్ళి చూస్తే అక్కడా సరిగ్గానే ఉంది. పేర్లున్నాయి, సంతకాలున్నాయి, వేలిముద్రలున్నాయి. మనుషులు మాత్రం రారు. రిజిస్టరు ఇళ్ళకి వెళ్ళి సంతకం చేయించుకుని వస్తుంది. ఎందుకు రారని కాలనీకి వెళ్ళి అడిగాను. మీటింగు పొద్దున 11 గంటలకి. తల్లుల్లో ఎక్కువమంది టౌన్ పంచాయతీలో ఊడ్చే పనికి వెళ్ళేవాళ్ళు, మిగతావాళ్ళు కూలికి వెళ్ళేవాళ్ళు. మీటింగుకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం బడి వదిలాక పెట్టమని అడిగారు, పెట్టాను. దానికి ఏ జీవో అక్కర్లేదు. ఆ నెలే 14 మంది వచ్చారు.

వచ్చారు కానీ కూర్చోలేదు. కుర్చీలు 12 ఉన్నాయి. ముందుగా వచ్చిన ఊరివాళ్ళు కూర్చున్నారు, కాలనీ తల్లులు గోడవారగా నిలబడ్డారు. ఇక్కడే నాకు మన తెలుగు గురించి ఒక సంగతి తెలిసింది. అది చెప్పడానికే ఇంతసేపూ రాస్తున్నాను.

కొంగు తమిళం మర్యాదకి పేరుపడింది. వాంగ, పోంగ, సొల్లుంగ అంటూ చిన్నపిల్లలకి కూడా 'ంగ' చేర్చి పిలుస్తారు. నేను తమిళంలో "ఉక్కారుంగ" అంటే ఆ తల్లులు కొంచెం కదిలారు. ఇంకాస్త దగ్గరగా ఉంటుందని తెలుగులోకి దిగి "రాండమ్మా, కుచ్చోండి" అన్నాను. ఒక అమ్మ నా మొహంకేసి చూసి, "మాకు అండీ అని చెప్తా ఉండారా?" అంది. ఆవిడ అడిగింది ఎగతాళికి కాదు, నిజంగా సరిగ్గా విన్నానా లేదా అని. ఆ ఊళ్ళో వాళ్ళతో తెలుగులో మాట్లాడేది నాయుళ్ళే. నాయుళ్ళ తెలుగు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రా, పో, ఏమే. అరవై ఏళ్ళ ముసలాయన్ని పదేళ్ళ పిల్లాడు పేరుపెట్టి పిలుస్తాడు. వాళ్ళు తిరిగి సామీ అనాలి. ఒకే భాష మాట్లాడేవాళ్ళం కదా, దగ్గరవుతాం అని మనం అనుకుంటాం. వాళ్ళకి మన తెలుగు వినపడితే వీపు వంగుతుంది. వాళ్ళని కాస్త నిటారుగా నిలబెట్టింది బస్సులో, ఆఫీసులో, బడిలో విన్న తమిళమే.

కుర్చీల తగాదా ఎందుకని మా టీచరొకరు, భవాని జమక్కాళం ఉంది కదా, అది పరిస్తే అందరూ కింద కూర్చోవచ్చు అన్నారు. మంచి మాటే. అప్పుడు అదే అమ్మ, "మేము ఎప్పుడూ కిందనే కుచ్చుంటాము టీచరమ్మా. మీరంతా కిందికి దిగొద్దు. మాకూ కుర్చీ వేయండి" అంది. పక్కనే సత్తుణవు సెంటరునుంచి నాలుగు, రేషను షాపునుంచి ఆరు కుర్చీలు తెప్పించాం. ఊరివాళ్ళలో ఇద్దరు పని ఉందని లేచి వెళ్ళారు. మిగతావాళ్ళు ఉన్నారు. ఆ మీటింగు జరిగింది.

దాని తర్వాతి నెల ఆ అమ్మ మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది. కక్కూసు కడగడానికి బకెట్టు పట్టుకెళ్ళేది ఎప్పుడూ మా పిల్లకాయలే ఎందుకు? రికార్డులో ఎక్కడా అట్లా రాసి లేదు. ఏ టీచరూ కులం పేరు చెప్పి పిలవరు. "నువ్వు రా, నువ్వు రా" అని చేయి చూపిస్తారు, చేయి అలవాటుగా ఆ పిల్లలవైపే వెళుతుంది. వెనకబడిన వర్గాల పిల్లలమీద బడిలో వివక్ష ఉండకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదని అదే చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. సెక్షన్ ఆ అమ్మకి తెలీదు. పెరుమాళ్ళపూట కూతురు వాసనతో ఇంటికి వచ్చింది, అది తెలుసు. ఏ పిల్లా మరుగుదొడ్డి కడగకూడదు, దానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి అని ఆ రోజు తీర్మానం రాసుకున్నాం. పది నిమిషాల పని. అంతకుముందు కమిటీలో ఇరవైమంది సంతకాలు ఉన్నా ఆ పది నిమిషాలు రాలేదు. ఆ బకెట్టు తమ పిల్ల చేతికి రానివాళ్ళకి అది కనపడదు. అందరికీ చోటిచ్చే నాయకత్వం అని ట్రెయినింగుల్లో పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నాకు అర్థమైనంతవరకు అంటే ఇదే. ఎవరికి నొప్పి తెలుసో వాళ్ళు టేబులు దగ్గర ఉండాలి.

అంతా చక్కబడిందని చెప్పను. ఒకరిద్దరు తమ పిల్లలకి టీసీ తీసుకుని వెళ్ళిపోయారు. కారణం దూరం అని రాశారు. ఆ అమ్మ నాలుగేళ్ళు కమిటీలో ఉంది. కూతురు టౌన్లో ఆడపిల్లల హయ్యర్ సెకండరీలో చదివి బీకాం చేసింది. 6వ తరగతినుంచి ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకి కాలేజీలో నెలకి వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో వచ్చింది, ఆ డబ్బు బస్సుకీ పుస్తకాలకీ సరిపోయిందని చెప్పింది.

మనకి గర్వపడే సంగతులు లేవని కాదు. దేశానికి మధ్యాహ్న భోజనం నేర్పింది మద్రాసు. 1920లో కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారు థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి తిండి పెట్టించారు, పిల్లకి రోజుకి అణా మించని ఖర్చుతో. ఆయన తెలుగు ఇంటివారే. ఇది మనం ప్రతి ఉగాది సభలో చెప్పుకుంటాం. అదే కాలంలో అదే చెన్నైలో ఎల్.సి. గురుస్వామి అనే మరో తెలుగాయన ఉన్నారు. అరుంధతీయుడు, మద్రాసు శాసనమండలిలో సభ్యుడు, తనవాళ్ళ పిల్లల కోసం రాత్రిబడులు నడిపించారు. ఆయన పేరు ఏ ఉగాది సభలోనూ నేను వినలేదు. త్యాగరాయ చెట్టిగారు మొదలుపెట్టిన ఆ భోజనమే దాదాపు నూరేళ్ళ తర్వాత, 2018లో, మన పక్క తిరుప్పూరు జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో గొడవ అయింది. వంటమ్మ అరుంధతీయురాలు, ఆమె వండితే మా పిల్లలు తినరు అని కొందరు అడ్డుపడ్డారు. ఆమెను అక్కడినుంచి బదిలీ చేశారు. జనం నిలదీస్తే బదిలీ రద్దయింది. రెండూ మన చరిత్రే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఎట్లా?

ఇంకొక లెక్క చెబుతాను. తమిళనాట బడుల్లో తెలుగు ఉండాలని మన సంఘాలు అర్జీలు పెడుతూనే ఉన్నాయి. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి సౌకర్యం ఉండాలంటుంది. తరగతిలో 10 మంది గానీ బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఆ భాషకి టీచరుని ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. సరే, ఆ 40 మంది ఎక్కడినుంచి వస్తారు? మన మనవలు ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఫ్రెంచి తీసుకుంటున్నారు. మన ప్రాంతంలో ప్రభుత్వ బడుల్లో ఉన్న తెలుగు పిల్లలు చాలావరకు అరుంధతీయ పిల్లలు. తెలుగు కోసం తలలు లెక్కపెట్టేటప్పుడు వాళ్ళు మనవాళ్ళు, సభలో కూర్చునేటప్పుడు కారు. ఎస్సీల 18 శాతంలో అరుంధతీయులకి 3 శాతం ప్రత్యేకంగా ఇస్తూ తమిళనాడు 2009లో చట్టం చేసింది, అట్లాంటి వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. ఆ రోజు మన గ్రూపులో దాని గురించి ఒక్క ముక్క రాలేదు. తెలుగు మాట్లాడే లక్షలమంది పిల్లల చదువుకి సంబంధించిన తీర్పు అది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన సొంతవూరి బడికి ఏదైనా చేయాలని అన్నయ్యవాళ్ళు డబ్బు పోగుచేస్తున్నారు. బడి స్థలం తాతగారిచ్చింది. గేటు దగ్గర ఆయన పేరుతో సిమెంటు ఆర్చి కట్టాలని ఎక్కువమంది అభిప్రాయం. డిజైను కూడా వచ్చింది, అందంగా ఉంది. నా వంతు డబ్బు నేనూ ఇస్తాను. కాకపోతే ఒక్క మాట అడుగుతున్నాను. ఆ బడికి కూడా కమిటీ ఉంది, ఆ కమిటీ రాసుకున్న ప్లాను ఉంది. మనలో ఒక్కరి మనవడు గానీ మనవరాలు గానీ అక్కడ చదవడం లేదు. ముందు ఆ తల్లుల్ని అడుగుదాం, బడికి ఏం కావాలో. ఒకవేళ వాళ్ళు ఆర్చే కావాలంటే ఆర్చే కడదాం. నీళ్ళున్న మరుగుదొడ్లు కావాలంటే అవి కట్టి, ఇష్టమైతే తాతగారి పేరు ఒక చిన్న రాయిమీద రాద్దాం. తాతగారు కోప్పడరు. స్థలం రాసిచ్చినప్పుడు ఆయన తన పేరు ఎక్కడా చెక్కించుకోలేదు.

అడగడానికి వెళ్ళేవాళ్ళు సాయంత్రం వెళ్ళండి, పొద్దున కూలి పోతుంది. తెలుగులోనే మాట్లాడండి, అండీ అని పిలవండి. వాళ్ళు కుర్చీ వేస్తే కూర్చోండి, టీ ఇస్తే తాగండి. వాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు ఎవరైనా ఉంటే, ఎక్కడినుంచి వచ్చారో, ఏ పాటలు పాడుకుంటారో అడిగి, వాళ్ళు సరేనంటే రాసుకు రండి. ఈ పుటల్లో వేద్దాం.