ఎడమ పక్క డబ్బా

ఆదివారం పొద్దున అనంతగిరి ఘాటు దగ్గర నిలబడితే మోటారు సైకిళ్ల తిరునాళ్ల చూడొచ్చు. హైదరాబాదులో చీకటితోనే బయల్దేరి, చేవెళ్ల మర్రిచెట్ల కిందుగా, మన్నెగూడ మీదుగా వచ్చినవాళ్లు టీ కొట్ల ముందు బండ్లు వరసగా ఆపుతారు. చాలా బండ్లకు వెనక రెండు పక్కలా తళతళలాడే అల్యూమినియం పెట్టెలు. మూలలకు నల్ల ప్లాస్టిక్ తొడుగులు, తాళాలు, పైన ఇంకేదైనా కట్టుకోవడానికి కొక్కేలు. ఇంతా చేసి కోట్‌పల్లి చెరువులో కాసేపు పడవ నడుపుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లే ఎక్కువ. పెట్టెల్లో ఏం తెచ్చావని ఒక కుర్రాణ్ని అడిగాను. రెయిన్‌కోటు, నీళ్ల సీసా, చార్జరు అన్నాడు. మరి రెండో దాంట్లో? నవ్వి ఊరుకున్నాడు.

అతన్నని లాభం లేదు. ఆ పెట్టెలు వారాల తరబడి దేశాలు తిరిగేవాళ్ల కోసం పుట్టినవి. ఇటలీలో జ్యుసెప్పే విసెంజి అనే మోటారు సైకిల్ పందేల వీరుడు పందేలు మానేశాక, 1978లో తన పేరు మొదటి అక్షరాలు కలిపి జివి అని ఒక కంపెనీ పెట్టాడు. బండి పెట్టెలు చేసేవాళ్లలో ఇవాళ అది పెద్ద పేరు. మన దేశంలోనూ తయారుచేసేవాళ్లు వచ్చారు. మంచి పెట్టెలే, కాదనను. కాకపోతే ఆ జత, దాన్ని బిగించే ఫ్రేమూ కలిపి అయ్యే ఖర్చు, నా పాత స్ప్లెండరును అమ్మితే వచ్చే డబ్బు కన్నా ఎక్కువ. గుర్రం కంటే జీను ప్రియం కాకూడదని ఇంట్లో తీర్మానమైపోయింది.

ఈ పెద్ద బండ్ల మధ్యలోంచే టుక్ టుక్‌మంటూ ఒక ఎక్సెల్ పోతుంది. దాన్నెవరూ ఫొటో తీయరు. కాళ్ల దగ్గర ఉల్లిగడ్డ బస్తా, వెనక సీటు తీసేసిన చోట ప్లాస్టిక్ బిందెల గోపురం, రెండు పక్కలా వేలాడే ట్రేలు, వాటి సందుల్లో చీపుర్లు. టీవీఎస్ వాళ్లు 1980లో ఇద్దరు కూర్చునే మోపెడ్‌గా తెచ్చిన బండి వంశమిది. మన ఊళ్లలో మాత్రం దానిమీద ఇద్దరు మనుషుల కన్నా ఒక మనిషీ ఒక దుకాణమూ కనిపించడం ఎక్కువ. వెనక సీటు ఊడొచ్చేలా కంపెనీయే చేసి అమ్ముతుంది, జనం దాన్నేం చేస్తున్నారో చూసి కాబోలు. పాలాయన బండికి రెండు పక్కలా ఇనుప కొక్కేలు, బట్టలమ్మే ఆయన బండికి వెడల్పాటి చెక్క, గాజులమ్మే ఆయనకు అద్దాల పెట్టె. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఏ సరుకుకు ఆ ఏర్పాటు.

నవంబరులో ధారూరు మెథడిస్టు జాతర రోజుల్లో ఈ విద్య ఇంకా బాగా తెలుస్తుంది. రోజుల తరబడి అక్కడే ఉండి వండుకు తినాలని సంసారాలు సంసారాలే కదిలొస్తాయి. ఒక్క బండి మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్ల, ముందు ట్యాంకు మీద పిల్లాడు, ఒక పక్క గిన్నెల మూట, ఇంకో పక్క చుట్టిన తాడ్‌పత్రి. కట్టింది సైకిలు ట్యూబు పట్టీతో. నైలాన్ తాడు ఎంత బిగించి కట్టినా గుంత గుంతకూ వదులైపోతుంది. ట్యూబు సాగుతుంది, మళ్లీ తనే బిగుసుకుంటుంది.

ఈ నేలకు ఇదేం కొత్త కాదు. మోటారు లేని రోజుల్లో లంబాడీలు ఎద్దుల వీపున కంట్లాలు వేసి ఉప్పూ ధాన్యమూ దేశమంతా మోసుకు తిరిగారు. ఒకే సంచి, రెండు నోళ్లు, అటు సగం ఇటు సగం. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు పడ్డాక, దేశమంతటా జరిగినట్టే ఇక్కడా ఆ ఎద్దుల బారులు చెదిరిపోయాయి. వికారాబాదు, తాండూరు స్టేషన్లు ఆ లైను మీదివే.

నా అవసరం చిన్నదే. కొలువు వికారాబాదులో, అమ్మా నాలుగెకరాల చేనూ తాండూరు అవతల. పోయేటప్పుడు అమ్మకు మందులు, పండ్లు, మోటారుకు ఏదో ఒక విడిభాగం. వచ్చేటప్పుడు జొన్నలు, కందిపప్పు, పచ్చడి సీసాలు, చేన్లో కాసిన కూరగాయలు. వీపున వేసుకునే సంచిలో ఇవన్నీ పట్టవు. పట్టినా ఘాటు ఎక్కేసరికి భుజాలు పడిపోతాయి. పచ్చడి నూనె చొక్కాకెక్కితే ఇంట్లో దాని మర్యాద వేరే. రెండు పక్కలా రెండు డబ్బాలు పెట్టించాలనుకుని తాండూరులో ఒక వెల్డింగు దుకాణానికి పోయాను. కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాను.

ఆ భాయ్ నా బొమ్మ వంక చూడలేదు. కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, "డబ్బాల ముచ్చట తర్వాత సార్. ముందుగాల గిది చెప్పు, ఎన్క ఎవలు కూసుంటరు?" అన్నాడు.

మా ఆవిడ అన్నాను.

"చీరనా, డ్రెస్సా?"

అదీ అసలు ప్రశ్న. మన దేశంలో బండికి ఎడమ పక్క ఖాళీ జాగా కాదు. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే పిడి, కాళ్లకు ఆధారం, వెనక చక్రంలో కనీసం సగం కప్పే అడ్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. మనం శారీ గార్డు అంటున్నది ఆ అడ్డునే. ఒక పక్కకు తిరిగి కూర్చునే ఆడమనిషి కాళ్లు, చీర కుచ్చిళ్లు, ఒళ్లో సంచి, కొన్నిసార్లు పిల్ల, ఇంతా ఎడమ పక్కనే. విసెంజిగారి దేశంలో వెనక కూర్చునే మనిషి అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుంటుంది. వాళ్ల పెట్టెలు ఆ లెక్కన గీసినవి. అవి తెచ్చి యథాతథంగా మన బండికి తగిలిస్తే ఇంటావిడను బస్‌స్టాండు దగ్గర దింపి రావాల్సిందే. నా బొమ్మ చూసి మా ఆవిడ ముందురోజే అడిగింది, "నా కాళ్లు ఏడ పెట్టుకోవాలె? డబ్బాలనా?" అని. నేనది వేళాకోళమనుకున్నాను. భాయ్ కూడా అదే మాట అడిగేసరికి ఇద్దరిదీ ఒకే చదువని తెలిసింది.

కుడి పక్క ఇబ్బంది వేరు, అక్కడ సైలెన్సరు కాలుతూ ఉంటుంది. కాబట్టి రెండు డబ్బాలూ అద్దంలో బొమ్మల్లా ఒక్కలా ఉండటం మన బండికి కుదరదు. భాయ్ తేల్చిందేమిటంటే, ఎడమ డబ్బా సన్నంగా, పొట్టిగా, ఆమె కాళ్లకు తగలనంత వెనకకు. అందులో తేలిక సామాను మాత్రమే, ఎందుకంటే చక్రం ఇరుసు దాటి వెనక బరువు వేలాడితే ముందు చక్రం తేలికై హ్యాండిలు ఊగుతుంది. కుడి డబ్బా పెద్దది, ముందుకు జరిపి, సైలెన్సరుకు నాలుగు వేళ్ల సందు వదిలి, అడుగున ఒక రేకు అడ్డం పెట్టి. బరువు సామానంతా దాంట్లో. మరి బండి కుడికి లాగదా అంటే, "మేడం ఎడమకు తిరిగి కూసుంటది గద సార్. కాళ్ల బరువంత అటే. గిటు జర ఎక్కువుంటెనే బండి సీదా వోతది" అన్నాడు. కావడి మోసేవాడికి తెలిసిన లెక్క ఇది. ఒక్కణ్నే పోయే రోజున సామాను అటూ ఇటూ సర్దుకోవాలి. సైడు స్టాండు వేయొద్దని, కుడి బరువుకు బండి ఎదురు పక్కకు ఒరుగుతుందని, సెంటర్ స్టాండే వేయమని కూడా చెప్పాడు.

ఫ్రేముకు ముప్పావు అంగుళం చదరపు పైపు, కొంత ఇనుప పట్టీ. బండి ఛాసిస్‌కు ఎక్కడా వెల్డింగు పెట్టలేదు. ఆ వేడికి మంచి ఇనుము కూడా పెళుసెక్కుతుంది. షాకబ్జర్ పై బోల్టు, వెనక ఫుట్‌రెస్టు బోల్టు, నంబరు ప్లేటు వెనక బోల్టు, ఈ మూడూ కంపెనీ ఇచ్చినవే. వాటికే పట్టీలు వంచి బిగించాడు. కొలత కుదిరిందో లేదో చూడటానికి ఫ్రేము బండికి తగిలించి ఉండగానే దానికి రెండు వెల్డింగు చుక్కలు పెట్టాల్సి వచ్చినప్పుడు ముందు బ్యాటరీ వైరు విప్పించాడు. చివరిగా రెండు ఫ్రేములనూ వెనక నుంచి కలుపుతూ ఒక అడ్డ పట్టీ. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ అది లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా డబ్బాలు చక్రం మీదికి వంగుతాయి. ఇంత చేసి తీసుకున్నది కూలీ, ఇనుమూ కలిపి వెయ్యి చిల్లర.

డబ్బాలు కబాడీ దుకాణంలోవి, పలకలుగా ఉండే వంటనూనె క్యాన్లు. దుకాణాయన చేనుకు కొట్టే మందుల డబ్బాలు వేరే మూలన పోశాడు. అవి ఇంకా గట్టివి, ఇంకా చౌక. ఎన్నిసార్లు కడిగినా వాటిలో తినే వస్తువు పెట్టకూడదు. నూనె క్యాన్లు వేడినీళ్లూ సోడాపొడీ పోసి కడిగితే జిడ్డు పోతుంది. వాసన ఒక పట్టాన పోదు, ఆ ఎడమ డబ్బాలో పెట్టిన పుస్తకాలు ఇప్పటికీ మిరపకాయ బజ్జీలు గుర్తుచేస్తాయి. ఈ ప్లాస్టిక్‌కు ఏ జిగురూ అంటదు. బోల్టులే శరణ్యం. ఉత్తి బోల్టు వేస్తే బొక్క చుట్టూ చీలుతుంది కాబట్టి లోపలా బయటా వెడల్పాటి వైసర్లు వేయాలి. మూత కోసేటప్పుడు మూలల్ని గుండ్రంగా తిప్పాలి. చదరంగా కోస్తే చీలిక ఆ మూలలోంచే బయల్దేరుతుంది.

మూతకు ఇనుప కబ్జాలు వేద్దామనుకున్నాను గానీ అదే దుకాణంలో సిమెంటు ఫ్యాక్టరీల నుంచి తుక్కుకొచ్చిన కన్వేయర్ బెల్టు ముక్కలు కనిపించాయి. వేలు మందం రబ్బరు, లోపల దారాల నేత. ఒక జానెడు ముక్క కోసి ఆరు బోల్టులతో బిగిస్తే అదే కబ్జా. తుప్పు లేదు, చప్పుడు లేదు.

ఇక దుమ్ము. తాండూరు రోడ్డు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, బండల లారీలు, సిమెంటు లారీలు. పిండి కంటే మెత్తని తెల్లటి పొడి చెట్ల ఆకుల మీద, దుకాణాల బోర్డుల మీద, మన కనుబొమల మీద కూడా. వాన నీళ్లు పైనుంచే వస్తాయి. ఈ పొడి అన్నివైపుల నుంచీ వస్తుంది. నడుస్తున్న బండి వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి గుంజుకుంటుంది, కాబట్టి డబ్బా వెనక అంచులో ఏ చిన్న సందున్నా అది తెలుసుకుంటుంది. నేను సైకిలు ట్యూబును పొడుగ్గా చీల్చి, డబ్బా అంచు పొడవునా తొడిగి, మూత దాని మీద కూర్చునేలా చేశాను. లోపల ఒక నల్ల గుడ్డ పరిచి తాండూరు దాకా వెళ్లి తీసి చూస్తే, బెల్టు బిగించిన వైపు మాత్రం సుద్దతో గీసినట్టు ఒక తెల్ల గీత. అక్కడ లోపలి వైపు ఇంకో ట్యూబు ముక్క నాలుకలా వేలాడదీశాక గుడ్డ గుడ్డలాగే ఉంది. బరువు పరీక్షకు బండలే వేశాను. తాండూరులో రాళ్లకు కరువా.

చట్టం సంగతీ చూసుకున్నాను. బండికి పెట్టే తేలికపాటి పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదని, వెనక సీటు మీదే పెడితే నడిపేవాడు తప్ప రెండో మనిషి ఎక్కకూడదని 2020లో కేంద్రం నిబంధన తెచ్చింది. వెనక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడాలన్నది ఎవరూ చెప్పకముందే తెలిసే విషయం. ఆ కొలతలతో టేపు పట్టుకుని తాండూరు కూరగాయల మార్కెట్టు ముందు నిలబడితే ఎక్సెల్ ఒక్కటైనా మిగులుతుందా అని నా అనుమానం. నా డబ్బాలు మటుకు హ్యాండిలు వెడల్పు దాటవు. ముందు దూరిన సందులో వెనకా దూరాలి కదా.

డబ్బాలతో మొదట ఘాటు దిగినప్పుడు మలుపుల్లో బండి కాస్త ఆలస్యంగా ఒరుగుతున్నట్టనిపించింది. కుడి మలుపుకూ ఎడమ మలుపుకూ తేడా తెలుస్తుంది. బ్రేకు కూడా ముందుగానే పట్టాలి. ఇది అలవాటయ్యే సంగతే. అలవాటు కానిది బరువు లెక్క. ఇలాంటి నూరు సీసీ బండ్లు మనుషులూ సామానూ అన్నీ కలిపి మోయాల్సింది 130 కిలోల లోపు. నేనూ మా ఆవిడా ఎక్కితే అందులో పది పన్నెండు కిలోలు మిగులుతాయి, ఆ సంఖ్యలో ఎవరి వాటా ఎంతన్నది ఇక్కడ అనవసరం. ఫ్రేమూ డబ్బాలే ఆరేడు కిలోలున్నాయి. అంటే ఇంత శ్రమపడి చేయించిన డబ్బాల్లో, ఆమె వెంట ఉన్న రోజున, ధర్మంగా పెట్టుకోగలిగింది నాలుగైదు కిలోలు.

అమ్మకు ఈ లెక్క ఎక్కదు. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి చేతికి వచ్చినంత కట్టి ఇస్తోంది. "తినేదానికి బరువేంది బిడ్డా" అంటుంది. డబ్బా మూత పడకపోతే మీద మోకాలు పెట్టి నొక్కుతుంది. కన్వేయర్ బెల్టు కబ్జా దానికీ తట్టుకుంది.

అందుకని కందులు పట్టించే రోజుల్లో ఒక ఏర్పాటు కుదిరింది. మా ఆవిడ పప్పు మూటతో తాండూరు స్టేషన్లో వికారాబాదు రైలెక్కుతుంది. కిటికీ పక్కన సీటు, చీరకు దుమ్మంటదు, కాళ్లు చాపుకోవచ్చు. నేను పచ్చడి సీసాలతో బండి మీద వస్తాను. రైలు టికెట్టు నీ పెట్రోలు కన్నా చౌక అని ప్రతిసారీ చెబుతుంది. డబ్బాల ఖర్చు సంగతి మాత్రం ఇంతవరకు ఎత్తలేదు.