ఏది చెడినా తెరుచుకోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా లారీ బాడీల పనులే. మధ్యమధ్యలో ఇంద్రజాలికులు కూడా వస్తుంటారు. సంకెళ్లు, తాళంకప్పలు వేయించుకుని బయటపడే ప్రదర్శన కోసం ఇనప పెట్టె కావాలంటారు. పెట్టె చేయడం ఏ వెల్డరుకైనా వచ్చు. లోపలున్న మనిషి ఇక చాలనుకున్న క్షణంలో బయటపడే ఏర్పాటు చేయడమే అసలు పని. వాళ్ల విద్యలోని రహస్యాలు నేను చెప్పను. ప్రాణం కాపాడే భాగం గురించి మాత్రం ఎవరడిగినా చెబుతాను.

ఈ పనిలో నాకు దారి చూపింది లారీ బ్రేకు. బరువు బళ్ల వెనక చక్రాలకు స్ప్రింగు బ్రేకు ఉంటుంది. స్ప్రింగు ఎప్పుడూ బ్రేకు పట్టడానికే చూస్తుంది. గాలి ఒత్తిడి దాన్ని నొక్కి ఉంచుతుంది కాబట్టే బండి కదులుతుంది. గొట్టం పగిలి గాలి పోయిందంటే బ్రేకు దానంతటదే పడుతుంది. మనిషిని మూసే పెట్టెకు కూడా ఇదే పద్ధతి ఉండాలి. తలుపును స్ప్రింగు బయటికి తోస్తూ ఉండాలి, దాన్ని పట్టి ఆపేది విద్యుదయస్కాంతం కావాలి. కరెంటు పోయినా, తీగ తెగినా, బ్యాటరీ దిగినా తలుపు తెరుచుకుంటుంది. మోటారు తిరిగితేనే జరిగే గడియ ఎంత సొగసుగా ఉన్నా నేను పెట్టను.

గడియ దగ్గర ఇంకో సంగతి ఉంది. బల్ల మీద పెట్టి చూస్తే పిన్ను వెన్నలా జారుతుంది. అదే పిన్ను మీద మనిషి బరువు పడితే రాపిడికి బిగుసుకుపోతుంది. పెట్టె కొద్దిగా మెలితిరిగినా అంతే. అందుకే ఖాళీ పెట్టెతో చేసిన పరీక్షను నేను పరీక్షగా లెక్కపెట్టను. లోపల బరువు వేసి, ఒక మూల ఎత్తి, తర్వాత బోర్లించి కూడా చూస్తాను. 1930లో అమెరికాలో జెనెస్టా అనే ప్రదర్శకుడు నీళ్లు నింపిన పెద్ద పాలడబ్బా లోపల చిక్కుకుని చనిపోయాడు. రవాణాలో డబ్బాకు పడిన సొట్ట వల్ల లోపలి ఏర్పాటు పనిచేయలేదంటారు. ఒక్క సొట్ట! మా షెడ్డు నుంచి వెళ్లిన పెట్టెను ఊరు మారిన ప్రతిసారీ కొత్తదానిలాగే పరీక్షించాలని చెప్పి పంపేది అందుకే.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. మణికట్టు గట్టిగా కడితే నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చల్లటి నీళ్లలో అయితే అసలు మాట వినవు. నూలు తాడు తడిస్తే ముడి మరింత బిగుస్తుంది. అలాంటి చేతులతో చిన్న మీట తిప్పమంటే అయ్యే పనేనా? నేను పెట్టే పిడి అరచేతి వెడల్పున ఉంటుంది. పట్టుకోనక్కర్లేదు, తిప్పనక్కర్లేదు. మోచేత్తోనో మోకాలితోనో తోస్తే చాలు. మందపాటి చేతి తొడుగులు వేయించి, కళ్లకు గంతలు కట్టి, దాన్ని వాడబోయే మనిషి చేతే తోయించి చూస్తాను. తడబడితే పిడి ఊడదీసి మళ్లీ చేస్తాను.

ఇంత చేసినా బయట ఒక మనిషి ఉండాల్సిందే. పేరుమోసిన ఇంద్రజాలికుడు హుడినీ 1912 నుంచి నీళ్ల పెట్టెలో తలకిందులుగా దిగి ప్రదర్శన ఇచ్చినప్పుడు పక్కనే ఒక సహాయకుడు గొడ్డలితో నిలబడేవాడు. అంత గొప్పవాడే ఆ ఏర్పాటు మానలేదు. 2019 జూన్‌లో కోల్‌కతా ఇంద్రజాలికుడు చంచల్ లాహిరీని గొలుసులతో కట్టి హుగ్లీ నదిలోకి దించారు. ఆయన పైకి రాలేదు, మర్నాడు శవం దొరికింది. చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మునిగిన మనిషిని కంటితో చూస్తూ, వెంటనే అందుకోగలిగేవాడు ఉండాలి. ఊరికే జనం ఉంటే సరిపోదు.

ఈ మధ్య వేరే రకం పనులు కూడా అడుగుతున్నారు. కొందరు తమ సుఖం కోసం, ఏకాంతంలో తమను తామే కట్టేసుకుంటారు. అది వాళ్ల సొంత విషయం, నేను తప్పుపట్టను. వాళ్లు సిగ్గుపడకుండా అడిగితేనే నాకు సంతోషం. టైమరుతో తెరుచుకునే తాళం చేయమంటారు. మంచుగడ్డలో తాళంచెవి పెట్టి, కరిగాక తీసుకుంటామంటారు. మంచు ఎంతసేపటికి కరుగుతుందో ఆ రోజు ఎండ చెబుతుంది, మనం చెప్పలేం. కరిగాక చెవి చేతికి అందకుండా మంచం కిందకు జారితే? టైమరుకైతే లోపలి మనిషికి ఊపిరి అందడం లేదని తెలియదు. బోర్లా పడి ఛాతీ నొక్కుకుంటే కేక కూడా రాదు. ఒంటరిగా వాడే ఏర్పాటుకు గ్యారంటీ ఇమ్మంటే నేను ఇవ్వలేను. ఎవరైనా ఇస్తానన్నా నమ్మవద్దు.

అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. మెడకు ఏదీ చుట్టకండి. నమ్మకమైన మనిషిని అదే గదిలో ఉంచండి. ఆయన చేతిలో తాడు కోసే కత్తెర, గొలుసు ఉంటే బోల్ట్ కట్టర్ ఉండాలి. వేళ్లు తిమ్మిరెక్కిన వెంటనే విప్పించుకోండి. ఆ మనిషిని వెంటబెట్టుకుని వస్తేనే మా షెడ్డులో కొలతలు తీసుకుంటాను.